టిబెట్ జానపదం, పక్కన చెల్లో: టెన్జిన్ చోగ్యాల్‌ని ఎలా వినాలి?

మీ ప్రశ్న ఇది: "ఒక వీడియోలో టిబెట్ గాయకుడు గుర్రం తల ఉన్న పొడుగాటి తంత్రీ వాయిద్యం పట్టుకుని పాడుతున్నాడు. వెనక చెల్లో (పెద్ద వయొలిన్ లాంటిది), పియానో ఉన్నాయి. ఇది జానపదమా, ఫ్యూజనా? ఇలాంటివాళ్ళు ఇంకెవరున్నారు? రాగాలు అలవాటైన మన చెవికి పడుతుందా?"

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి ఆయన టెన్జిన్ చోగ్యాల్ అయ్యుండాలి. ఒకవేళ కాకపోయినా, మీరు అడిగినదానికి ఆయన్ని పట్టుకుని జవాబు చెప్పడమే తేలిక. నేను మాండొలిన్ వాయిస్తాను, కచేరీలకి సౌండ్ చూస్తుంటాను. చాలా ఏళ్ళుగా ఈ పాటలు వింటున్నాను కానీ టిబెటన్ భాష నాకు రాదు. అందుకే నా జవాబంతా చెవి వైపు నుంచే ఉంటుంది.

ముందు మనిషి గురించి నాలుగు ముక్కలు. చోగ్యాల్‌ది టిబెట్ సంచార పశుపాలకుల కుటుంబం. 1970ల మొదట్లో ఆ కుటుంబం దేశం దాటి బయటికొచ్చింది. ఆయన పెరిగింది ధర్మశాలలో, శరణార్థుల పిల్లల కోసం పెట్టిన బడిలో. 1997లో ఆస్ట్రేలియా వెళ్ళి బ్రిస్బేన్‌లో స్థిరపడ్డాడు. చిన్నప్పుడు చెవిన పడ్డ సంగీతం అంటే అమ్మ పాట, నాన్న వాయించే లింగ్బు. లింగ్బు అంటే వెదురు వేణువు. ఇప్పటికీ ఆయన స్టేజి మీదకి తెచ్చుకునేవి ప్రధానంగా ఆ వేణువు, మీరు చూసిన ఆ తంత్రీ వాయిద్యం.

ఆ తంత్రీ వాయిద్యం పేరు డ్రాన్యెన్. దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, మీ అసలు ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది. ఒకే చెక్కని తొలిచి చేస్తారు. పొట్ట కింది భాగానికి తోలు బిగిస్తారు. ఆరు తీగలు, రెండేసి చొప్పున మూడు జంటలు. జంటకీ జంటకీ మధ్య శ్రుతి తేడా మన లెక్కలో స నుంచి శుద్ధ మధ్యమం వరకు. మెట్లు ఉండవు, అంటే ఫ్రెట్లు లేవు. తోలు మూత కాబట్టి మీటగానే ఠక్కున పలికి అంతే తొందరగా ఆరిపోతుంది, గిటార్‌లా మోగుతూ ఉండదు. అందుకే ఎడతెగకుండా మీటుతూ లయ నిలబెట్టాలి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చోగ్యాల్ పాటలో ఒక్క డ్రాన్యెన్ మీదే చెవి పెట్టండి. గొంతు పొడుగు స్వరం పట్టినప్పుడు మీటు సన్నగా, దాదాపు వినపడనంతగా నడుస్తుంది. చరణం అయిపోగానే ముందుకొచ్చి గట్టిగా కొడుతుంది. గొంతూ తీగా ఒకేసారి పోటీపడవు.

ఇక గొంతు. టిబెట్ పచ్చిక మైదానాల పాటకి ప్రాణం అక్కడుంది. ముఖ్యంగా ఈశాన్యాన ఉన్న అమ్దో ప్రాంతంలో 'లు' అనే పాటలు ఉంటాయి. తాళం ఉండదు, వాయిద్యం ఉండదు, ఒక్క మనిషి గుక్క పట్టి పాడేస్తాడు. పై స్వరాన్ని అందుకుని అక్కడ నిలబెట్టి, దిగేటప్పుడు గొంతు విరిచి రెండు మూడు మలుపులు తిప్పుతాడు. మన గమకంలా స్వరాన్ని ఊపడం కాదిది. గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకున్నట్టుంటుంది. పల్లెలో మంద వెనక నడుస్తూ అవతలి గట్టు మీద ఉన్నవాడికి వినపడేలా పాడే పాట కాబట్టి, మైకు దగ్గర పెట్టి మెల్లగా పాడితే ఆ మలుపు రాదు. సౌండ్ చూసేవాడిగా చెబుతున్నాను, ఇలాంటి గొంతుకి కంప్రెసర్ (గట్టి శబ్దాన్నీ మెల్లని శబ్దాన్నీ ఒక స్థాయికి తెచ్చే సాధనం) ఎక్కువ బిగిస్తే పాట చచ్చిపోతుంది. పెద్ద స్వరానికీ చిన్న మలుపుకీ తేడా చెరిగిపోతుంది కదా.

నేను ఫ్యూజన్‌ని తూచేది దీంతోనే. గొంతుకి చోటు వదిలారా లేదా? డ్రాన్యెన్ ఉందని జానపదం అయిపోదు, చెల్లో ఉందని కాకుండా పోదు.

మన చెవికి పడుతుందా అన్నారు కదా, నిక్షేపంగా పడుతుంది. టిబెట్ జానపదంలో ఎక్కువ భాగం అయిదు స్వరాల బాణీలే. మోహన తెలిసినవాళ్ళకి మొదటి పాటకే ఊరొచ్చినట్టు ఉంటుంది. తర్వాత తర్వాత అవే స్వరాల్లో ఆధారం మారిపోవడం గమనిస్తారు. మోహనలో రిషభాన్ని షడ్జం చేసుకుంటే మధ్యమావతి, పంచమాన్ని చేసుకుంటే శుద్ధ సావేరి, ధైవతాన్ని చేసుకుంటే శుద్ధ ధన్యాసి వస్తాయని సంగీతం నేర్చుకున్నవాళ్ళకి తెలుసు. టిబెట్ పాటలు ఈ చుట్టంతా తిరుగుతాయి. విచారంగా అనిపించే పాటలు నా చెవికి శుద్ధ ధన్యాసి వైపు మొగ్గినట్టుంటాయి. పోలిక అక్కడితో సరి. రాగ లక్షణం, జీవ స్వరం లాంటివి అక్కడ వెతికితే నిరాశే. స్వరాలు కలిశాయంతే, వాళ్ళ వ్యాకరణం వేరు.

పాశ్చాత్య వాయిద్యాలు పెట్టేవాళ్ళకి చిక్కు వచ్చేది కూడా ఈ అయిదు స్వరాల దగ్గరే. గిటార్, కీబోర్డ్ వాళ్ళ చెయ్యి ఊరుకోదు, నాలుగు మాత్రలకోసారి కార్డ్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపు) మార్చేస్తారు. కార్డ్ మారిన ప్రతిసారీ పాట ఎటో వెళ్ళాలని తోస్తుంది. లు పాటకేమో ఎటూ వెళ్ళాల్సిన పని లేదు. పై స్వరం మీద ఎంతసేపు నిలబడితే అంత. చోగ్యాల్‌తో పనిచేసిన మంచి వాద్యకారులు ఇది పట్టుకున్నారు. చెల్లో ఒకే స్వరాన్ని పట్టుకుని ఉంటుంది, పియానో అక్కడక్కడ రెండు స్వరాలు వేసి తప్పుకుంటుంది.

దీనికి మంచి ఉదాహరణ 2019లో స్మిత్‌సోనియన్ ఫోక్‌వేస్ అనే అమెరికా రికార్డు సంస్థ విడుదల చేసిన 'సాంగ్స్ ఫ్రమ్ ద బార్దో'. బార్దో అంటే చావుకీ మరుజన్మకీ మధ్య దశ. చోగ్యాల్‌తో పాటు అమెరికన్ కళాకారిణి లారీ ఆండర్సన్, పియానో వాయించే జెస్సీ పారిస్ స్మిత్ చేశారు. టిబెట్‌లో మనిషి పోయాక నలభై తొమ్మిది రోజుల లోపు, ఆ జీవుడికి దారి చూపడానికి చదివే గ్రంథం ఒకటుంది. మన ఇళ్ళల్లో గరుడ పురాణం చదివించినట్టు అనుకోండి. ఆ పాఠాన్ని లారీ ఆండర్సన్ ఇంగ్లీషులో చదువుతుంది, చోగ్యాల్ గొంతు, వేణువు, డ్రాన్యెన్ మధ్య మధ్య వస్తాయి. 2021 గ్రామీలకి న్యూ ఏజ్ విభాగంలో నామినేట్ అయింది. ఆ విభాగం పేరు చూసి నాకు చిరాకేసింది కానీ, రికార్డు మాత్రం మంచిది. అయితే మొదట దీన్ని వినకండి. ఇది పాటల ఆల్బమ్ కాదు, గంటకి పైగా సాగే పారాయణం. మొదట ఆయన ఒక్కడే డ్రాన్యెన్ పట్టుకుని పాడిన కచేరీ వీడియోలు వినండి. గొంతు అలవాటయ్యాక దీనికి రండి.

ఇప్పుడు "జానపదమా, ఫ్యూజనా" అన్న సంగతి. ఈ ప్రశ్న వెనక ఒక ఊహ ఉంది: ఎక్కడో కల్తీ లేని పాత టిబెట్ సంగీతం ఉంది, దానిలో ఎవరో ఈమధ్య కొత్తది కలిపారు అని. చరిత్ర అలా లేదు. లాసాలో పెద్దింటి వినోదంగా పెరిగిన నంగ్మా పాటల మేళంలో గ్యుమాంగ్ అని ఒక వాయిద్యం ఉంటుంది, సన్న పుల్లలతో తీగల మీద కొడతారు. మన సంతూర్‌కి దగ్గర చుట్టం. అది చైనా యాంగ్‌చిన్ లాసాకి చేరి స్థిరపడ్డ రూపం. ఈరోజు ధర్మశాలలో నంగ్మా అంటే శుద్ధ సంప్రదాయం, ఎవరూ వేలెత్తి చూపరు.

దీనికంటే నాకు ఇష్టమైన ఉదాహరణ మాండొలిన్. అమ్దోలో 'దుంగ్‌లెన్' అనే పాటల తీరు ఉంది. ఒక్క మనిషి కూర్చుని తంత్రీ వాయిద్యం మీటుతూ పాడతాడు, ఆ వాయిద్యం చాలాసార్లు మాండొలినే. ఇటలీలో పుట్టిన వాయిద్యం ఇరవయ్యో శతాబ్దంలో అమ్దో గుడారాల దాకా చేరింది. 1980లలో క్యాసెట్ల మీద పల్గోన్ అనే గాయకుడి పాటలు ఆ ప్రాంతమంతా పాకాయి. దుంగ్‌లెన్ అంటే ఇప్పటికీ మొదట చెప్పే పేరు ఆయనదే. ఈరోజు అమ్దో కుర్రాణ్ణి అడిగితే మాండొలిన్ మా వాయిద్యమే అంటాడు. అందులో అబద్ధం లేదు.

మాండొలిన్‌ని సొంతం చేసుకోవడం గురించి పాలకొల్లు వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ఊళ్ళో పుట్టిన యు. శ్రీనివాస్ (1969–2014) అదే వాయిద్యాన్ని కర్ణాటక సంగీతానికి లొంగదీశాడు. అయితే రెండు చోట్లా దారి వేరు. మాండొలిన్‌కి మెట్లున్నాయి, తీగలు జంటగా ఉంటాయి. జంట తీగల్ని లాగి గమకం పలికించడం కష్టం. శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టాడు, అయిదో తీగ కలిపాడు, ఎలక్ట్రిక్ చేశాడు. గమకం కోసం వాయిద్యాన్నే మార్చుకున్నాడన్నమాట. అమ్దో వాళ్ళు ఆ జోలికి పోలేదు. వాళ్ళకి గొంతు మలుపులు గొంతులోనే ఉన్నాయి, మాండొలిన్ లయ నడిపితే చాలు. జంట తీగల గలగల వాళ్ళకి కావలసిందే. నేను ఒకసారి దుంగ్‌లెన్ పాటొకటి మన పద్ధతిలో గమకాలు పెట్టి వాయించి చూశాను. వినడానికి బాగానే ఉంది, దుంగ్‌లెన్ మాత్రం కాదు.

చలికాలంలో మన ఊళ్ళల్లో టిబెటన్ల స్వెట్టర్ల దుకాణాలు పెడతారు కదా, హైదరాబాద్, విజయవాడ, విశాఖ అన్నిచోట్లా. ఒకసారి అలాంటి దుకాణంలో ఫోన్‌లో దుంగ్‌లెన్ మోగుతుంటే ఆగాను. దుకాణం ఆవిడ హిందీలో నవ్వుతూ చెప్పింది, "పాట నాకిష్టం, మాటలు సగమే అర్థమవుతాయి" అని. ఆవిడ పుట్టింది కర్ణాటకలోని టిబెటన్ శరణార్థుల సెటిల్‌మెంట్‌లో, పెద్దవాళ్ళది లాసా వైపు. పాటేమో అమ్దో యాసలో ఉంది. టిబెట్ అంటే బయటివాళ్ళకి ఒకటే ముద్ద. లోపల ఊ-చాంగ్, ఖామ్, అమ్దో అని మూడు పెద్ద ప్రాంతాలు, మూడు యాసలు, మూడు పాట తీరులు. కాబట్టి ఏ గాయకుణ్ణి విన్నా మొదట ఎటువైపువాడో కనుక్కోండి. డ్రాన్యెన్ మీద కాళ్ళతో లయ తొక్కుతూ పాడే తోషే పాటలు మధ్య, పశ్చిమ టిబెట్‌వి. వాటిని అమ్దో గొంతుతో పోల్చి "ఇందులో ఆ మలుపు లేదేం" అనుకుంటే అన్యాయం.

మాట రాకపోయినా అక్షరాల లెక్క తెలుసుకుంటే పాట తొందరగా పట్టుబడుతుంది. మధ్య టిబెట్ పాట పద్యం సాధారణంగా నాలుగు పాదాలు, పాదానికి ఆరు అక్షరాలు, రెండేసి చొప్పున మూడు విరుపులు. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఆరో దలైలామా (1683–1706) ప్రేమ గీతాలు. ఒకదాని భావం ఇది: తెల్ల కొంగా, నీ రెక్కలు నాకు అప్పివ్వు, దూరం పోను, లితాంగ్ (ఖామ్‌లో ఒక ఊరు) దాకా వెళ్ళి తిరిగొచ్చేస్తాను. ఆయన పోయాక, ఆయన మరుజన్మగా ఎంచిన ఏడో దలైలామా 1708లో ఆ లితాంగ్‌లోనే పుట్టాడు. దాంతో ఈ నాలుగు పాదాలు జోస్యం అయిపోయాయి. ప్రేమ పాట అనుకుని మొదలుపెట్టినది ఇంకేదో అయి కూర్చుంది.

కొత్త పాటలు పాత రూపాన్ని ఎందుకు వదలవు అన్నదానికి ఇక్కడ ఒక కారణం దొరుకుతుంది. లు పాటల్లో మొదటి చరణం ఆకాశం గురించి, రెండోది కొండ గురించి, మూడోది మనిషి గురించి నడవడం మామూలు. అంటే అసలు విషయం చెప్పకుండానే చెప్పే అలవాటు ఆ రూపంలోనే ఉంది. చైనా పాలనలోని టిబెట్ లోపల పాడేవాళ్ళకి అది ప్రాణావసరం. ఎదురుచూస్తున్న సూర్యుడు, దూరమైన తల్లిదండ్రులు, ఎగిరిపోయిన పక్షి అంటే ప్రవాసంలో ఉన్న దలైలామా గురించేనని వినేవాళ్ళకి తెలుసు, కాగితం మీద మాత్రం ఏమీ ఉండదు. తెరలు తీసి సూటిగా పాడినందుకు తాషి ధొందుప్ అనే అమ్దో గాయకుడికి 2010లో పదిహేను నెలల శిక్ష పడింది. ఇక త్సేవాంగ్ నొర్బు. పెద్ద టీవీ పోటీల్లో పాడి పేరు తెచ్చుకున్న పాప్ గాయకుడు, తల్లి కూడా పేరున్న గాయని. 2022 ఫిబ్రవరిలో లాసాలో దలైలామాల పాత నివాసమైన పోతాలా ప్రాసాదం ఎదుట నిప్పంటించుకుని చనిపోయాడు. వయసు పాతికేళ్ళు. ఆ తర్వాత అతని పాటలు చైనా సైట్ల నుంచి మాయమయ్యాయి. ఇవన్నీ తెలియకుండా కూడా పాట బాగుంటుంది, తెలిశాక మాత్రం కొండ, పక్షి అని వినపడగానే ఆగుతారు.

ప్రవాసంలో ఉన్నవాళ్ళ కథ వేరు. వాళ్ళకి సెన్సార్ భయం లేదు, మరిచిపోతామన్న భయం ఉంది. దలైలామా 1959లో ఇండియాకి వచ్చిన కొద్ది నెలలకే కాలింపోంగ్‌లో నాటక సంగీత బృందాన్ని పెట్టించారు. అదే తర్వాత ధర్మశాలలో టిబెటన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ అయింది, అందరూ టీపా అంటారు. అక్కడ చిన్నప్పటి నుంచి పెరిగి నేర్చుకున్నవాడు తెచుంగ్. 1989లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మిత్రులతో కలిసి చక్సంపా అనే బృందం పెట్టాడు. చోగ్యాల్‌కీ ఈయనకీ తేడా వింటే తెలిసిపోతుంది. తెచుంగ్ పాటలో శిక్షణ కనపడుతుంది, ప్రతి ప్రాంతపు శైలీ దాని పద్ధతిలో ఉంటుంది. గిటార్ వేసినా నంగ్మా నడక చెడదు. చోగ్యాల్ పాటలో పచ్చితనం ఎక్కువ. నాకు రెండోదే ఇష్టం. నేర్చుకోవాలనుకునేవాళ్ళకి మాత్రం మొదటాయనే మంచి గురువు.

గొంతుకి చోటు వదలడం అన్నాను కదా, దాన్ని చివరిదాకా తీసుకెళ్ళింది యుంగ్‌చెన్ ల్హామో. 1989లో టిబెట్ నుంచి బయటికొచ్చిన గాయని, 1995లో ఆస్ట్రేలియా సంగీత పరిశ్రమ ఇచ్చే ఆరియా అవార్డు అందుకుంది. 1996లో రియల్ వరల్డ్ సంస్థ విడుదల చేసిన 'టిబెట్, టిబెట్' దాదాపు మొత్తం వాయిద్యాలు లేని ఒంటి గొంతు. రెండేళ్ళ తర్వాతి 'కమింగ్ హోమ్'కి ఎలక్ట్రానిక్ శబ్దాలు, పొరలు పొరలుగా గొంతులు కలిపారు. ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి వినండి. అదే మనిషి, అదే గొంతు, ఏం పెరిగిందో ఏం తగ్గిందో మీరే చెప్పగలరు. నా ఓటు మొదటిదానికి.

నేపాల్ సన్యాసిని అనీ చోయింగ్ డ్రోల్మా మీకు తెలియకుండానే మీ చెవిన పడి ఉండొచ్చు. 2013లో ఎంటీవీ కోక్ స్టూడియోలో ఎ.ఆర్. రెహమాన్ 'జరియా'లో పాడింది ఆవిడే. టిబెట్ నుంచి వచ్చిన కుటుంబంలో కఠ్మాండూలో పుట్టింది. 1997లో అమెరికన్ గిటారిస్ట్ స్టీవ్ టిబ్బెట్స్‌తో చేసిన 'చో' ఇంకా మంచిది. గిటార్ దాదాపు గాలిలా వెనక తిరుగుతుంటుంది. ఆవిడ పాడేవి ఎక్కువగా మఠంలోని మంత్రాలు, ధ్యాన గీతాలు. జానపదం కింద లెక్కేయకండి.

ఒక హెచ్చరిక. యూట్యూబ్‌లో "టిబెటన్ మ్యూజిక్" అని కొడితే ముందు వచ్చేవి గంటల తరబడి లోహపు గిన్నెల మోతలు, హీలింగ్, నిద్ర, చక్రాలు. ఆ గిన్నెల్ని సంగీతంగా వాడటం ప్రచారంలోకి వచ్చింది 1972 నాటి 'టిబెటన్ బెల్స్' రికార్డుతో, చేసింది పాశ్చాత్యులు. మఠాల పూజలో మోగేవి పొడుగాటి బూరాలు, గ్యాలింగ్ సన్నాయి, తాళాలు, ఢంకా. అవి వింటే నిద్ర రాదు, ఉన్న నిద్ర పోతుంది. గిన్నెల శబ్దం ఇష్టమైతే వినండి, దాన్ని టిబెట్ జానపదం అనుకోకండి. బార్దో రికార్డులో కూడా గిన్నెలున్నాయి, అది పారాయణానికి నేపథ్యంగా పెట్టుకున్నది.

వినే వరుస అడిగితే ఇలా చెబుతాను. వాయిద్యం లేని అమ్దో లు ఒకటి, ఎవరు పాడినా సరే. తర్వాత పల్గోన్. తర్వాత చోగ్యాల్ ఒంటరిగా, ఆపైన చోగ్యాల్ చెల్లోతో. అప్పుడు మీ వీడియో మళ్ళీ పెట్టండి. తంబురా యాప్ పెట్టుకుని అతని షడ్జం ఎక్కడుందో పట్టుకుని కూడా కూనిరాగం తీస్తే, కార్డ్‌లు ఎక్కడ పాటకి సాయపడుతున్నాయో, ఎక్కడ తోసేస్తున్నాయో తెలిసిపోతుంది.

నేరుగా వినాలంటే ధర్మశాల దాకా పోనక్కర్లేదు. బైలకుప్పె సెటిల్‌మెంట్ మైసూరు దగ్గరే. ఉత్తరాంధ్ర వాళ్ళకి ఇంకా దగ్గర, ఒడిశా గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి సెటిల్‌మెంట్ ఉంది, పక్కనే జిరాంగ్ మఠం. ఫిబ్రవరి, మార్చిల్లో లోసార్, అంటే వాళ్ళ కొత్త సంవత్సరం వస్తుంది, ఆ రోజుల్లో వెళ్తే మంచిది. చాలా సెటిల్‌మెంట్లలో, విదేశాల్లోని టిబెటన్ల మధ్య కూడా బుధవారాలు సాయంత్రం గోర్‌షే ఆడతారు. చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే ఆట, స్పీకర్‌లో ఆర్కెస్ట్రా పాట, కాళ్ళల్లో పాత అడుగు. బయటివాళ్ళని కూడా రానిస్తారు. వెళ్ళేముందు ఆ వారం ఉందో లేదో అక్కడివాళ్ళని ఒకమాట అడగండి, ఎవరింట్లోనైనా పెద్దవాళ్ళు పోతే ఆపేస్తారు.